రక్తపుపోటు – బీటా నిరోధకౌషధములు : ప్రాచీన నవీన భేదవిచారము

రక్తపుపోటు అను మాట నేడు తెలుగువారి ఇండ్లలో జ్వరము, జలుబు అను మాటలవలె సామాన్యమైపోయినది. చెన్నపురి, బెంగుళూరు, బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురము, యానాము – ఎచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబమునందైనను, అరువది యేండ్లు దాటిన పెద్దలున్నచో వారి మంచము ప్రక్క ఒక మందుపెట్టె యుండుట తఱచు. ఆ పెట్టెలోని బిళ్ళలలో చిరకాలముగా పరిచితమైనది బీటా నిరోధకము అను జాతికి చెందిన బిళ్ళ. ఈ జాతిలో కొన్ని పాతవి, కొన్ని క్రొత్తవి. ఇటీవలి కాలమున వైద్యులు కొందఱికి పాతవానిని మార్చి క్రొత్తవానిని వ్రాయుచున్నారు.

వైద్యుడు చీటిని ఇంగ్లీషున వ్రాయును. మందులషాపువాడు ఆ సీమభాషలో చెప్పును. మందు మ్రింగు పెద్దవారు తెలుగున తలపోయుదురు. యానాములో షాపువాడు తెలుగే మాటలాడినను చీటి మాత్రము ఇంగ్లీషుననే యుండును. ఈ భాషల నడుమ అర్థము కొంత జాఱిపోవుచున్నది. ఏండ్లతరబడి వాడిన బిళ్ళను వైద్యుడు మార్చినపుడు, పాతది ఇంతకాలము హాని చేసినదేమో యని కొందఱు భయపడుదురు. పొరుగువారికి క్రొత్త బిళ్ళ వ్రాసిరని విని, తమ పాత బిళ్ళను తామే మానివేయువారు మఱికొందఱు. ఈ రెండవ పని ప్రాణముమీదికి తేగలదు. కావున పాత బీటా నిరోధకములు పోటును తగ్గించు తీరునకును, క్రొత్తవి తగ్గించు తీరునకును గల భేదమెట్టిది, ఆ భేదము రోగికి ఎంతవఱకు ఉపకరించును అను విషయములను విశదీకరించుట ఈ వ్యాసోద్దేశము.

పోటు అను మాట – పోటు అను వస్తువు

తెలుగున పోటు అను మాటకు పొంగి వచ్చుట అను అర్థము కలదు. సముద్రపు ఆటుపోటులను చెప్పునపుడు ఆ అర్థముననే వాడుదుము. గుండె ముడుచుకొనిన ప్రతిసారియు ధమనులలో రక్తము పొంగి గోడలను ఒత్తును. గుండె విచ్చుకొనినపుడు ఆ ఒత్తిడి దిగును. పొంగునప్పటి ఒత్తిడి పై అంకె. దిగినప్పటి ఒత్తిడి క్రింది అంకె. 120/80 అని వ్రాసినచో, పొంగునపుడు 120, దిగినపుడు 80 మిల్లీమీటర్ల పాదరసమును ఎత్తగల ఒత్తిడి యున్నదని భావము. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అను మతాచార్యుడు గుఱ్ఱపు ధమనిలో గొట్టము నాటి రక్తము ఎంత ఎత్తు లేచునో కొలిచి 1733లో ప్రకటించెను. చేతికి పట్టీ చుట్టి కొలుచు పరికరమును ఇటలీ వైద్యుడు రివా రోచి 1896లో కల్పించెను. పట్టీ క్రింద చెవిగొట్టము నుంచి శబ్దమును విని రెండంకెలను గుర్తించు పద్ధతిని రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ 1905లో తెలిపెను.

ఈ ఒత్తిడి దేనిచేత పెరుగును, దేనిచేత తగ్గును? మోటబావిని ఎఱిగినవారికి దీనిని చెప్పుట సులభము. ఎద్దులు మోటను లాగి నీటిని కాలువలో పోయుచుండును. కాలువలో నీటిమట్టము రెండింటిని బట్టి యుండును: మోట ఎంత నీరు పోయుచున్నది, కాలువ ఎంత వెడల్పుగా నున్నది. ఎద్దులను వేగముగా తోలినను మట్టము పెరుగును. కాలువ పూడి యిరుకైనను మట్టము పెరిగి గట్టులను ఒరయును. దేహములో గుండె మోట; సన్నని ధమనులు కాలువ. గుండె ఒక నిమిషమున చిమ్ము రక్తమును, ఆ రక్తమునకు సన్నధమనులు చూపు అడ్డును హెచ్చవేసినచో వచ్చునదే రక్తపుపోటు. గుండె నిమిషమునకు 70 మారులు కొట్టుకొని, ప్రతిమారు 70 మిల్లీలీటర్లు చిమ్మినచో, నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తము ప్రవహించును.

రెండవ అంశమైన అడ్డు విషయమున ఒక విశేషము కలదు. గొట్టము వెడల్పు కొంచెము మాఱినను అడ్డు మిక్కిలిగా మాఱును. సన్నధమని వ్యాసార్థము పదవవంతు పెరిగినచో, ప్రవాహమునకు కలుగు అడ్డు ఇంచుమించు మూడవవంతు తగ్గును. చిరకాలముగా పోటు గల వారిలో పెక్కుమందికి గుండె చిమ్ము రక్తము ఎక్కువగా నుండదు. సన్నధమనులు బిగిసియుండుటయే ప్రధానకారణము. ఈ మాటను మనస్సున నుంచుకొనినచో, పాత మందులకును క్రొత్త మందులకును గల భేదము తానై బోధపడును.

అడ్రినలిన్ – తాళములు, తాళపుచెవులు

మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులనుండి అడ్రినలిన్ అను ద్రవ్యము ఊరును. నాడుల కొసలనుండి దాని సోదరద్రవ్యమైన నారడ్రినలిన్ వెలువడును. భయము, కోపము, పరుగు, చలి – వీనియందు ఇవి రెండును పొంగి గుండెను వేగపఱచును, కొన్ని రక్తనాళములను బిగించును, కొన్నిటిని సడలించును, శ్వాసమార్గములను వెడల్పు చేయును. ఒకే ద్రవ్యము ఒకచోట బిగించుటయు, వేఱొకచోట సడలించుటయు ఎట్లు సంభవించునని శాస్త్రజ్ఞులు చిరకాలము తర్కించిరి.

అమెరికాలోని జార్జియా రాష్ట్రమున రేమండ్ అల్‌క్విస్ట్ అను శాస్త్రజ్ఞుడు 1948లో దీనికి సమాధానము చెప్పెను. జీవకణములపై ఈ ద్రవ్యములను గ్రహించు స్థానములు రెండు విధములని ఆయన ప్రతిపాదించి, వానికి ఆల్ఫా, బీటా అని పేరు పెట్టెను. వీనిని గ్రాహకములు అనవచ్చును. గ్రాహకము తాళమువంటిది, అడ్రినలిన్ తాళపుచెవివంటిది. తాళము ఎట్టిదైన తెఱచుకొను గది అట్టిది. తరువాతి పరిశోధనలచే బీటాలో మఱల భేదములు తేలినవి. బీటా-ఒకటి గ్రాహకములు ముఖ్యముగా గుండెయందును, మూత్రపిండములయందును ఉండును. బీటా-రెండు శ్వాసమార్గములందును, కండరములలోని రక్తనాళములందును ఉండును. ఆల్ఫా-ఒకటి సన్నధమనుల గోడలందుండి వానిని బిగించును. ధమనుల లోపొరయందు బీటా-మూడు గ్రాహకములును కలవు.

తాళములో దూఱియు దానిని త్రిప్పలేని చెవి నొకదానిని ముందుగా పెట్టినచో, నిజమైన చెవికి తావుండదు. బీటా నిరోధకములు చేయు పని ఇదియే. అవి అడ్రినలిన్‌ను నశింపజేయవు. దానికి తావు లేకుండ చేయును.

మొదటి తరము : ఎద్దులను నిదానింపజేయు మందులు

ఈ మందులకు మూలపురుషుడు స్కాట్లండు దేశీయుడైన జేమ్స్ బ్లాక్. ఆయన 1958లో ఇంగ్లండులోని ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ సంస్థలో చేరెను. ఆయన మొదట తలచినది రక్తపుపోటును గుఱించి కాదు, గుండెనొప్పిని గుఱించి. గుండెకు రక్తము చాలనపుడు రక్తము పెంచుటకు యత్నించుటకంటె, గుండె పనిని తగ్గించి దాని ఆకలిని తగ్గించుట మేలని ఆయన ఊహించెను. మొదట తయారైన ప్రొనెథలాల్ ఎలుకలలో కణితులు పుట్టించుటచే విడువబడెను. పిమ్మట వచ్చిన ప్రొప్రనొలాల్, ఇండెరాల్ అను పేర 1960ల నడిమికాలమున ప్రచారమునకు వచ్చెను. బ్లాక్ మహాశయునకు 1988లో నోబెల్ బహుమానము లభించెను.

గుండెనొప్పికి ఈ మందు వాడినవారిలో రక్తపుపోటు కూడ తగ్గుటను లండనులోని బ్రయన్ ప్రిచర్డ్ గమనించి 1964లో ప్రకటించెను. అంతకుముందు పోటునకు వాడిన మందులలో మన దేశపు సర్పగంధ ఒకటి. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో దానిని గుఱించి ఇంగ్లండు పత్రికలో ప్రకటించిన వ్యాసము లోకప్రసిద్ధము. అయితే సర్పగంధసారము కొందఱిలో మనస్సును క్రుంగజేయుచుండెను. అట్టి తరుణమున ప్రొప్రనొలాల్ వైద్యులకు గొప్ప ఆధారమయ్యెను.

ప్రొప్రనొలాల్ బీటా-ఒకటి, బీటా-రెండు అను భేదమును పాటింపక రెండింటిని మూసివేయును. పోటును తగ్గించు మార్గములలో మొదటిది గుండె వేగమును, ముడుచుకొను బలమును తగ్గించుట. అనగా ఎద్దులు నిదానించును. మోట పోయు నీరు తగ్గును. రెండవది మూత్రపిండములకు సంబంధించినది. ఆ పిండములనుండి రెనిన్ అను ద్రవ్యము ఊరి, వరుసగా ఇతరద్రవ్యములను పుట్టించి, ధమనులను బిగించును, ఉప్పును దేహములో నిలువజేయును. బీటా-ఒకటి మూతపడినపుడు రెనిన్ తగ్గును.

ఇచ్చట గమనింపదగిన విషయము కలదు. మందు మొదలిడిన తొలిదినములలో గుండె చిమ్ము రక్తము వెంటనే తగ్గినను, పోటు అంతగా తగ్గదు. ఏలయన, రక్తము తగ్గినదని ఎఱిగిన దేహము సన్నధమనులను మఱింత బిగించి ఒత్తిడిని నిలుపజూచును. రక్తనాళములను సడలించు బీటా-రెండు కూడ మూతపడుట ఈ బిగింపునకు తోడగును. కొన్ని దినములకు, కొందఱిలో కొన్ని వారములకు, ఈ బిగింపు సడలి మునుపటి స్థితికి వచ్చును. అప్పుడు పోటు దిగును. మందు వేసికొన్న మూడవనాడే అంకె తగ్గలేదని నిరాశపడుట తగదనుటకు ఇదియే కారణము. అయినను పాత మందు చివరికి చేసినది ఏమి? బిగిసిన కాలువను అట్లే యుంచి, మోటను నిదానింపజేసినది. చేతులు కాళ్ళు చల్లబడుట, మెట్లెక్కునపుడు అలసట, నడకలో సత్తువ చాలకుండుట మున్నగు ఫిర్యాదులు కొంతవఱకు ఇందుండి పుట్టినవే. శ్వాసమార్గములందలి బీటా-రెండు మూతపడుటచే ఉబ్బసము గలవారికి ఊపిరి బిగియును. కావున ఈ తరము మందులు వారికి నిషిద్ధములు.

రెండవ తరము : గుండెనే గుఱిచేసినవి

ఉబ్బసపు చిక్కును తప్పించుటకై బీటా-ఒకటినే విశేషముగా మూయు మందులను వెదకిరి. మొదట వచ్చిన ప్రాక్టొలాల్ కన్నులకును, చర్మమునకును, ఉదరములోని పొరలకును తీవ్రహాని కలిగించి, 1970ల నడుమ సామాన్యవాడుకనుండి తొలగింపబడెను. పిమ్మట మెటొప్రొలాల్, 1976లో అటెనొలాల్, 1980లలో బిసొప్రొలాల్ వచ్చినవి. అటెనొలాల్ దినమునకు ఒక బిళ్ళతో చెల్లుటచేతను, వెల తక్కువగుటచేతను మన దేశమున మిక్కిలి వ్యాపించెను. ఇవి బీటా-ఒకటిని ఎక్కువగా, బీటా-రెండును తక్కువగా మూయును. మోతాదు పెరిగినకొలది ఈ విచక్షణ తగ్గును. పోటును తగ్గించు మూలసూత్రము మాత్రము మాఱలేదు. ఇవియును ఎద్దులనే నిదానింపజేయును గాని కాలువను వెడల్పు చేయవు.

సందేహములెట్లు పుట్టినవి

ముప్పదియేండ్లకు పైగా ఈ మందులు పోటునకు మొదటివరుస మందులుగా నుండెను. 2002లో ప్రకటితమైన లైఫ్ అను పరిశోధనలో, పోటుతోపాటు గుండె ఎడమగది గోడ మందగిల్లిన 9,193 మందిలో కొందఱికి అటెనొలాల్, కొందఱికి లోసార్టాన్ ఇచ్చిరి. రెండు వర్గములలో పోటు ఇంచుమించు సమానముగనే తగ్గెను. కాని మెదడుపోటు, అనగా పక్షవాతము కలిగించు వ్యాధి, లోసార్టాన్ వాడినవారిలో నూటికి 25 వంతుల చొప్పున తక్కువగా నుండెను. 2005లో ప్రకటితమైన ఆస్కాట్ అను పరిశోధనలో 19,257 మందిని పరిశీలించిరి. అటెనొలాల్‌ను ఆధారముగా జేసికొనిన చికిత్సకంటె, అమ్లోడిపిన్‌ను ఆధారముగా జేసికొనిన చికిత్సలో మెదడుపోటు నూటికి 23 వంతులు తక్కువ. అదే సంవత్సరము స్వీడను దేశపు లిండ్‌హోల్మ్, ఆయన సహచరులు అనేక పరిశోధనలను కూర్చి చూచి, ఇతర మందులు వాడినవారికంటె బీటా నిరోధకములు వాడినవారిలో మెదడుపోటు అపాయము నూటికి 16 వంతులు అధికమని తేల్చిరి.

చేతిపై కొలిచిన అంకె సమానముగనుండగా ఫలితము భిన్నమగుట ఎట్లు? 2006లో ప్రకటితమైన కేఫ్ అను అనుబంధ పరిశోధన దీనికి ఒక సమాధానము నిచ్చెను. చేతియందు పోటు ఇంచుమించు సమానమే యైనను, గుండెనుండి బయలుదేరు మహాధమనియందలి పై అంకె అటెనొలాల్ వాడినవారిలో సుమారు 4 మిల్లీమీటర్లు హెచ్చుగా నుండెను. చెఱువులో పుట్టిన అల గట్టునకు తగిలి వెనుకకు మరలును. అట్లే గుండెనుండి వెడలిన రక్తపుటల, బిగిసిన సన్నధమనులకు తగిలి వెనుకకు వచ్చును. గుండె వేగము మందగించినపుడు, ప్రతి ముడుపునకు పట్టుకాలము దీర్ఘమగును; మరలివచ్చు అల, ఆ ముడుపు ముగియకమునుపే మహాధమనిని చేరి దాని ఒత్తిడిని పెంచును. మెదడునకును గుండెకును చాలు తగులునది ఈ కేంద్రపీడనమే గాని చేతిలోని పీడనము గాదు.

ఈ పరిశోధనలలో పోలికకు నిలిచినది ముఖ్యముగా అటెనొలాల్. దానిని పట్టి బీటా నిరోధకములన్నిటిని ఒకే తీర్పున దోషులని యెంచుట తగదని వాదించినవారును కలరు. అయినను ఈ ఫలితముల వలన, బ్రిటనులో 2006లోను, అమెరికాలో 2017లోను వెలువడిన వైద్యసూత్రములలో ఇవి మామూలు పోటునకు మొదటివరుస స్థానమును కోల్పోయెను. యూరపు రక్తపుపోటు సంఘమువారు 2023లో వీనిని మఱల ముఖ్యౌషధముల పంక్తిలో చేర్చిరి. మన దేశమున 2017లో తెలంగాణ, మహారాష్ట్ర మున్నగు ఐదు రాష్ట్రములలో మొదలైన రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమమునందు ప్రధానముగా వాడినవి అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, మూత్రము ఎక్కువ చేయు మందులు. వానిలో బీటా నిరోధకము లేదు.

మూడవ తరము : కాలువను వెడల్పు చేయునవి

నవీనములని చెప్పబడు బీటా నిరోధకములు వయస్సుచేత కాక, పనిచేయు తీరుచేత నవీనములు. వీనిలో లాబెటలాల్ 1970ల చివరనే వాడుకకు వచ్చెను. కార్వెడిలాల్ అమెరికాలో 1995లోను, నెబివొలాల్ 2007లోను పోటునకు అంగీకృతములయ్యెను. గుండెను నిదానింపజేయుటతోపాటు సన్నధమనులను సడలించుట వీని సామాన్యలక్షణము.

సడలించు ఉపాయములు రెండు. లాబెటలాల్, కార్వెడిలాల్ బీటా తాళములనే గాక ఆల్ఫా-ఒకటి తాళమును కూడ మూయును. ఆల్ఫా-ఒకటి ధమనులను బిగించునది కావున, అది మూతపడినపుడు అవి సడలును. నెబివొలాల్ మార్గము వేఱు. అది ఆల్ఫాను తాకదు. బీటా-ఒకటిని మిక్కిలి విచక్షణతో మూయును. మఱియు ధమనుల లోపొరనుండి నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువును వెలువడజేయును. ఈ పనిలో బీటా-మూడు గ్రాహకములకు భాగము కలదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆ వాయువు ధమనీకండరమును సడలించును. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళములకు సందేశవాహకమని కనుగొన్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురకు 1998లో నోబెల్ బహుమానము దక్కెను.

ఇందుచే గుండె చిమ్ము రక్తము పాత మందులలో తగ్గినంతగా తగ్గదు. పోటు తగ్గుటకు ముఖ్యకారణము సన్నధమనుల అడ్డు తగ్గుట. చేతులు కాళ్ళు చల్లబడుటయు, అలసటయు కొందఱిలో తక్కువగా నుండును. మధుమేహము విషయమున మఱియొక లాభము కనబడినది. 2004లో ప్రకటితమైన జెమిని అను పరిశోధనలో, పోటును మధుమేహమును కూడ గల 1,235 మందికి మెటొప్రొలాల్ గాని, కార్వెడిలాల్ గాని ఇచ్చిరి. పోటు రెండింట సమముగ తగ్గెను; చక్కెర నెలల సగటును తెలుపు కొలత మెటొప్రొలాల్ వర్గములో కొంచెము పెరిగెను, కార్వెడిలాల్ వర్గములో ఇంచుమించు నిలుకడగా నుండెను.

అంకెలలో పోలిక

క్రొత్తది గదా, అంకెను ఎక్కువగా దింపుననుకొనుట సహజము. కాని విషయ మట్లు లేదు. కాక్రేన్ అను అంతర్జాతీయసంస్థవారు, మందులేని బిళ్ళతో పోల్చిన పరిశోధనలను కూర్చి వేర్వేరు సమీక్షలు చేసిరి. భేదము పాటింపని పాత మందులు పోటును సగటున 10/7 మిల్లీమీటర్లు, గుండెనే గుఱిచేయునవి 10/8 మిల్లీమీటర్లు తగ్గించినవి. ఆల్ఫా బీటాలను రెండింటిని మూయు లాబెటలాల్, కార్వెడిలాల్ సగటున 6/4 మిల్లీమీటర్లే తగ్గించినవి. గుండె వేగము పాతవానితో నిమిషమునకు 11, 12 కొట్టులు, ఈ రెండింటితో 5 కొట్టులు తగ్గినది. ఇవి ఎదురెదురుగా నిలిపి చేసిన పోలికలు కావు, మోతాదులును భిన్నములు. నెబివొలాల్ ఇతర బీటా నిరోధకములతో ఇంచుమించు సమముగ పోటును దించునని పరీక్షలు తెలుపుచున్నవి. ఏది యెట్లున్నను, క్రొత్తవి పాతవానికంటె అంకెను ఎక్కువగా దించునని చెప్పుటకు ఆధారము లేదు.

ఇంకను ముఖ్యమైన మాట యొకటి. ధమనులను సడలించుట మేలని తర్కము చెప్పును. కాని కేవలము పోటు గలవారిలో క్రొత్త బీటా నిరోధకములు మెదడుపోటును, మరణమును పాతవానికంటె ఎక్కువగా తప్పించునని నిరూపించిన పెద్ద పరిశోధన లేదు. తర్కము వేఱు, నిరూపణ వేఱు. కావున క్రొత్తవాని ఆధిక్యము, నేటి తెలివిడి మేరకు, పోటును తగ్గించు పరిమాణమున గాక, తగ్గించు మార్గమునందును, కొన్ని దుష్ఫలితములు తక్కువగుటయందును కలదు.

పాతవన్నియు పనికిరానివి అనుటయు సత్యము గాదు. గుండె బలహీనపడినవారి ఆయువును పెంచునవని నిరూపింపబడినవి బిసొప్రొలాల్, నిదానముగా కరగు మెటొప్రొలాల్, కార్వెడిలాల్. మొదటి రెండింటిని గుఱించిన పరిశోధనలు 1999లోను, కార్వెడిలాల్ తీవ్రస్థితులందు పనిచేయుటను గుఱించినది 2001లోను ప్రకటితములయ్యెను. మూటిలో రెండు రెండవ తరమువే. గుండెనొప్పి, గుండెలయ తప్పుట మున్నగు వ్యాధులుగల వారికి గుండెను నిదానింపజేయుటయే కావలసిన మేలు. ఒకరికి దోషమైనది ఒకరికి గుణమగుట ఈ మందులలో విశదముగా కనబడును. గర్భిణులలో పోటునకు లాబెటలాల్ చిరకాలముగా వాడుకలో నున్నది. అటెనొలాల్ గర్భస్థశిశువు ఎదుగుదలను తగ్గింపవచ్చునని వర్జింతురు.

వాడువారు ఎఱుగవలసినవి

మందుల పేరులలో వ్యాకరణము వంటిది కలదు. ప్రొప్రనొలాల్, అటెనొలాల్, మెటొప్రొలాల్, బిసొప్రొలాల్, నెబివొలాల్, కార్వెడిలాల్, లాబెటలాల్ – అన్నింటి చివర లాల్ అను ప్రత్యయము కలదు. అది ఈ వంశపు గుర్తు. బిళ్ళ పట్టీపై పెద్ద అక్షరముల పేరు వ్యాపారనామము. అది సంస్థకొకటిగా మాఱును. దాని క్రింద చిన్న అక్షరములలో నుండు పేరు అసలు పేరు. ఇద్దఱు వైద్యులు వ్రాసిన రెండు పట్టీలలోను లాల్ అంతమందున్నచో, రెండును ఒకే వంశమువై యుండవచ్చును. వానిని కలిపి మ్రింగుటకుముందు వైద్యుని అడుగవలెను. కంటిలోని ఒత్తిడికి వేయు టిమొలాల్ చుక్కలును ఈ వంశమువే. అవి రక్తములో చేరి ఉబ్బసము గలవారికి ఊపిరి బిగింపగలవు. కావున కంటివైద్యునకు ఉబ్బసము సంగతి, గుండెవైద్యునకు కంటిచుక్కల సంగతి చెప్పుట విధి.

బీటా నిరోధకము పాతదైనను క్రొత్తదైనను ఒక్కసారిగా మానరాదు. తాళములు చాలకాలము మూయబడి యున్నపుడు, దేహము లోటు తీర్చుకొనుటకై తాళముల సంఖ్యను పెంచుకొనును. మందును హఠాత్తుగా మానినచో, ఆ అధికమైన తాళములన్నియు ఒక్కమాఱుగా తెఱచుకొనును. గుండె దడదడలాడును, పోటు ఎగయును. గుండెజబ్బు గలవారికి గుండెపోటు కూడ రావచ్చును. మానవలసినచో వైద్యుని ఆదేశముననుసరించి, క్రమముగా మోతాదు తగ్గించుచు మానవలెను. ఊరికి పోవునపుడు బిళ్ళలు చాలకుండుట, పండుగదినములలో షాపు మూసియుండుట మున్నగునవి చిన్నవిగా తోచినను, ఈ మందు విషయమున చిన్నవి కావు. దూరప్రయాణమునకు రెండు మూడు దినములకు అదనముగా బిళ్ళలు కట్టుకొని పోవుట మేలు.

మధుమేహము గలవారిలో చక్కెర మిక్కిలి పడిపోయినపుడు గుండెదడ, చేతుల వణకు హెచ్చరికగా వచ్చును. ఈ మందులు ఆ హెచ్చరికను కప్పిపుచ్చవచ్చును. చెమట పట్టుట మాత్రము కనబడును. కావున అకారణముగా చెమటపట్టినపుడు చక్కెరను పరీక్షించుకొనవలెను. కార్వెడిలాల్, లాబెటలాల్ వాడువారికి పరుండి లేచునపుడు తల తిరుగవచ్చును. మంచముమీద కొంతసేపు కూర్చుండి పిమ్మట లేవవలెను. కార్వెడిలాల్‌ను భోజనముతో వేసికొనుట ఆ తిప్పటను తగ్గించును. అది బీటా-రెండును కూడ మూయును గనుక, క్రొత్తదైనను ఉబ్బసము గలవారికి తగదు. క్రొత్తది అన్న మాట నిరపాయము అన్న అర్థమును ఇయ్యదు.

ఉపసంహారము

బీటా నిరోధకముల ప్రాచీన నవీన భేదము ఇంతవఱకు వివరింపబడినది. పాతవి గుండెను నిదానింపజేసి పోటును దించును. క్రొత్తవి గుండెను కొంత నిదానింపజేసి, ధమనులను సడలించి దించును. అంకెలో క్రొత్తవి పైచేయి కావు. మార్గమున దేహమునకు సన్నిహితములు. ఎవరికి ఏది యుక్తమో నిర్ణయించునది మందు వయస్సు గాదు. ఆ రోగికి గుండెజబ్బు కలదా, ఉబ్బసము కలదా, మధుమేహము కలదా, గర్భమా అను విచారణయే.

బయటి రాష్ట్రములందున్న తెలుగు కుటుంబములలో పిల్లలు ఆ సీమభాషను, ఇంగ్లీషును చదువగలరు. పెద్దలు తెలుగున గ్రహింపగలరు. పెద్దల మందుచీటిని పిల్లలు తెలుగున ఒక కాగితముపై వ్రాసి – మందు అసలు పేరు, ఏ వేళ వేయవలెను, ఎందులకు, మానరానిదా అను నాలుగు విషయములు – గోడకు అంటించినచో, వ్యాధిని గుఱించిన భయమును సగము, ప్రమాదమును అంతకంటె ఎక్కువగను తప్పింపవచ్చును. మాతృభాష పాటలకును, పండుగలకును మాత్రమే గాక, ప్రాణరక్షణకును అక్కఱకు వచ్చునని చూపుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు.